చేతిలో పెట్టడమా, చేతికి పని చూపడమా?
చక్కెర మిల్లు ఆగిన బోధన్‌లో మన దానం నడవాల్సిన దారి



ప్రతి ఏడాదీ లెక్కలు చదివి వినిపించే సమావేశంలో దాతలు మమ్మల్ని ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. “పోయిన రంజాన్‌లో రేషన్ కిట్టు తీసుకున్న ఇల్లే ఈ రంజాన్‌లోనూ వరుసలో నిలబడింది. వచ్చే ఏడాది కూడా నిలబడుతుందా? మేమిచ్చినదానితో ఆ ఇంట్లో ఏం మారింది?” ప్రశ్న న్యాయమైనది. కష్టపడి సంపాదించిన సొమ్ములోంచి ఇచ్చేవారికి అడిగే హక్కు ఉంది. “అల్లాహ్ దగ్గర పుణ్యం దొరుకుతుంది” అని సమాధానం చెప్పి ఊరుకుంటే అది సంఘం నడిపేవారి బాధ్యతను పక్కన పెట్టడమే అవుతుంది.

ఈ ప్రశ్నకు వివరంగా జవాబు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాము. ఇళ్లు ఎందుకు వరుసలోకి వచ్చాయో ముందు తెలియాలి. వరుసలోంచి బయటికి రావడానికి ఏం చేయవచ్చో తరువాత చూద్దాం.

నీళ్లు, చెరకు, ఊరు

బోధన్ ఇవాళ మనం చూస్తున్న పట్టణంగా ఎదగడానికి రెండు పెద్ద పనులు కారణం. మొదటిది నిజాంసాగర్. మంజీర నది మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఇంజనీరుగా దాన్ని కట్టించారు. 2,75,000 ఎకరాలకు నీళ్లివ్వాలన్నది అప్పటి లక్ష్యం. కాలువలో నీళ్లు పారడంతో దూరప్రాంతాల నుంచి, ముఖ్యంగా కోస్తా జిల్లాల నుంచి, రైతులు వచ్చి స్థిరపడ్డారు. వర్ని, కోటగిరి వైపు ఇప్పటికీ ‘క్యాంపు’ అని పిలిచే ఊళ్లు అలా ఏర్పడినవే.

రెండోది చక్కెర మిల్లు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1937లో, నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. మిల్లు చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర మిల్లుగా దానికి పేరుండేది. మిల్లుకు సొంత చెరకు తోటలు, ఉద్యోగుల క్వార్టర్లు, దవాఖానా, బడి ఉండేవి.

ఒక మిల్లు ఊరిని ఎలా పోషిస్తుందో ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. క్రషింగ్ సీజన్ మొదలైందంటే చెరకు నరికే కూలీలకు పని దొరికేది. తోలడానికి బండ్లు, ఆ తరువాతి కాలంలో ట్రాక్టర్లు, లారీలు కావాలి. బండి విరిగితే కమ్మరి, వడ్రంగి కావాలి. ట్రాక్టరు ఆగితే మెకానిక్ కావాలి. కాంటా దగ్గర రాత్రంతా నిలబడే రైతుకు చాయ్, రొట్టె కావాలి. మిల్లు జీతం అందుకున్న ఉద్యోగి బట్టల దుకాణానికి, దర్జీ దగ్గరికి, మాంసం కొట్టుకు వెళ్తాడు. దర్జీ తన పిల్లవాడి ఫీజు కడతాడు. మిల్లు ఇచ్చిన ఒక్క రూపాయి ఊరు దాటేలోపు ఇలా నాలుగైదు చేతులు మారేది. మన వాళ్లలో మిల్లు ఉద్యోగం ఉన్నవారికన్నా ఈ నాలుగైదు చేతుల్లో ఉన్నవారే ఎక్కువ. మెకానిక్కులు, దర్జీలు, డ్రైవర్లు, హోటలు నడిపేవాళ్లు, పండ్లు అమ్మేవాళ్లు.

మిల్లుతోపాటు ఆగినవి

2002లో ప్రభుత్వం మిల్లులో 51 శాతం వాటాను ప్రైవేటు సంస్థకు అప్పగించింది. నిజాం దక్కన్ షుగర్స్ అనే పేరుతో ఉమ్మడి కంపెనీ నడిచింది. 2015 డిసెంబరులో బోధన్, మెట్‌పల్లి, మెదక్ మూడు యూనిట్లకూ లేఆఫ్ ప్రకటించారు. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ ఆస్తుల లిక్విడేషన్‌కు ఆదేశించింది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం మిల్లును మళ్లీ తెరిపించే అవకాశాలు చూడడానికి కమిటీ వేసింది. నిజామాబాద్ దగ్గర సారంగాపూర్‌లో ఉన్న సహకార చక్కెర మిల్లు అంతకుముందే మూతపడింది.

తప్పు ఎవరిదో తేల్చడం ఈ వ్యాసం పని కాదు. ఫలితమే మనకు ముఖ్యం. చెరకు పన్నెండు నెలల పంట. నీళ్లకు నమ్మకం ఉండాలి, కొనేవాడికీ నమ్మకం ఉండాలి. నిజాంసాగర్‌లో పూడిక చేరింది, ఎగువన సింగూరు వచ్చింది, ఇటు మిల్లు ఆగింది. రైతు వరి వైపు తిరిగాడు. కొందరు చెరకును కామారెడ్డి వైపు ఉన్న ప్రైవేటు మిల్లులకు తోలారు. వరికి నాటు యంత్రం, కోత యంత్రం వచ్చాయి. ఇరవై మంది చేసే కోత ఒక యంత్రం ఒక్క పూటలో ముగిస్తోంది. రైతు ఎలాగో నిలదొక్కుకున్నాడు. ఆ నాలుగైదు చేతులకు మాత్రం రూపాయి అందడం తగ్గిపోయింది.

అందుకే ‘కష్టపడటం లేదు కాబట్టి పేదగా ఉన్నారు’ అనే మాట ఈ ఇళ్ల విషయంలో చెల్లదు. వాళ్ల పని తెలిసిన చేతులు అలాగే ఉన్నాయి. ఆ పనిని కొనేవారు తగ్గారు. ఈ తేడా తెలియకపోతే మన సాయం గురి తప్పుతుంది.

ఇప్పుడు ఇళ్లు దేని మీద నడుస్తున్నాయి

మూడు ఆధారాలు కనిపిస్తాయి. మూడింటిలోనూ బలం ఉంది, లోపమూ ఉంది.

ఒకటి, బీడీ. నిజామాబాద్, బోధన్, కామారెడ్డి, ఆర్మూర్ ప్రాంతాల్లో కులమతాలతో పనిలేకుండా ఆడవాళ్లు ఇంటి గడపలో కూర్చుని చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. ఇంటి పని చేసుకుంటూ వెయ్యి చుట్టాలంటే పొద్దంతా కావాలి. మెడ, నడుము, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పొగాకు మీద ఆంక్షలు, పన్నులు పెరిగేకొద్దీ నెలలో పని దొరికే రోజులు తగ్గుతున్నాయి. ఆరోగ్యం కోసం ఆంక్షలు మంచివే. కానీ వాటి భారం మొదట పడేది చాట పట్టుకున్న ఆడమనిషి మీద. 2015లో మొదలైన బీడీ కార్మికుల పెన్షన్ మొదట 1,000 రూపాయలు, 2019 నుంచి 2,016 రూపాయలు. చాలా ఇళ్లలో నెలలో ఖాయంగా వచ్చే సొమ్ము అదొక్కటే.

రెండు, గల్ఫ్. దుబాయి, సౌదీ, కువైట్, ఖతర్ నుంచి వచ్చే డబ్బుతో ఇళ్లు లేచాయి, పెళ్లిళ్లు జరిగాయి. కానీ వీసా కోసం చేసిన అప్పు తీరడానికే మొదటి ఏడాదో రెండేళ్లో పోతాయి. తిరిగి వచ్చిన మనిషికి ఇక్కడ పని సిద్ధంగా ఉండదు. అక్కడ ఏసీ బిగించడం, స్కాఫోల్డింగ్, క్రేన్ నడపడం నేర్చుకున్నవాడు ఇక్కడికి వచ్చి ఆటో నడుపుతున్నాడు. నేర్చిన పని ఎవరికీ అక్కరకు రాకుండా పోతోంది.

మూడు, చిన్న వ్యాపారం. తోపుడు బండి, పంక్చర్ దుకాణం, కుట్టు మిషన్, మగ్గం వర్క్, కోళ్లు, మేకలు. రోజూ నగదు కనిపిస్తుంది. కానీ ఆ నగదులో ఎంత భాగం అప్పుకు పోతోందో చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

అప్పు లెక్క

మన ప్రాంతంలో ‘గిరిగిరి’ అందరికీ తెలిసిందే. పదివేలు రాయించుకుని, వెయ్యి ముందే పట్టుకుని, తొమ్మిది వేలు చేతిలో పెడతారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. “వంద రోజులకు వెయ్యి రూపాయలేగా” అనిపిస్తుంది. బడిలో పిల్లలకు చెప్పినట్టు లెక్క వేద్దాం. బండివాడు తొమ్మిది వేలను వంద రోజులూ వాడుకోవడం లేదు. మర్నాటి నుంచే తిరిగి ఇస్తున్నాడు. సగటున అతని చేతిలో ఉన్నది దాదాపు 4,500 మాత్రమే. 4,500 మీద 100 రోజులకు 1,000 అంటే నూటికి 22. ఏడాదికి లెక్క కడితే నూటికి 80 దాటుతుంది. నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 36. అది ఘోరమనుకునేవాళ్లం, దీని ముందు అదే నయమనిపిస్తుంది.

వానాకాలంలో నాలుగు రోజులు బండి కదలకపోతే వాయిదా ఆగుతుంది. ఆగిన వాయిదా కట్టడానికి ఇంకో గిరిగిరి. 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ సంస్థల మీద ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది ఇలాంటి గొలుసు అప్పుల వల్లనే. పేదవాడికి అప్పు అందించగానే మేలు జరిగిపోదని అప్పుడు రాష్ట్రమంతా చూసింది. ఏ షరతుల మీద, ఏ పని కోసం ఇచ్చారన్నదే తేల్చుకోవాల్సిన విషయం.

మన రేషన్ కిట్టు తీసుకున్న ఇల్లు మళ్లీ వరుసలోకి రావడానికి పెద్ద కారణం ఇక్కడ దొరుకుతుంది. కిట్టు వల్ల నెల సరుకుల ఖర్చు మిగిలింది. మిగిలింది వాయిదాకు పోయింది. మనం ఇచ్చిన దానం ఆ ఇంటి గడప దాటి గిరిగిరివాడి పుస్తకంలో జమ అయింది.

కింది నుంచి కట్టుకోవడం

అభివృద్ధి రెండు వైపుల నుంచి వస్తుంది. పైనుంచి వచ్చేది ప్రాజెక్టు, మిల్లు, రైలు, రోడ్డు. ఇవి లేకుండా బోధన్ లేదు. ఇవి ప్రభుత్వం చేయాల్సినవి, మనం అడగాల్సినవి. కింది నుంచి వచ్చేది ఊరివాళ్లు తమ దగ్గర ఉన్న భూమి, నైపుణ్యం, పొదుపు, నమ్మకం కలిపి కట్టుకునేది. మిల్లు రేపు తెరుచుకున్నా కూడా అన్ని పనులూ మునుపటిలా రావు. చెరకు కోతకు కూడా యంత్రాలు వచ్చేశాయి. అందుకే రెండోదాని అవసరం ఎలాగూ ఉంటుంది.

దీనికి ఉదాహరణలు దూరంలో లేవు. ఆర్మూర్ దగ్గరి అంకాపూర్ చూడండి. అక్కడి రైతులు జొన్న, సజ్జ విత్తనాల సాగులో, కూరగాయల్లో, పచ్చి మక్క కంకుల అమ్మకంలో పేరు తెచ్చుకున్నారు. ఊరికే సొంత మార్కెట్ ఉంది. అమ్మకం, బేరం, లెక్క చాలావరకు ఆడవాళ్ల చేతుల్లో నడుస్తాయి. నాటుకోడి కూర కూడా ఒక ఊరి వ్యాపారంగా మారింది. ఏ కంపెనీ వచ్చి అక్కడ మిల్లు పెట్టలేదు. పండించినదానికి విలువ పెంచి, దళారి చేతికి పోయే భాగాన్ని ఊళ్లో నిలుపుకున్నారు.

ఇంకొకటి ముల్కనూర్. పాత కరీంనగర్ జిల్లాలోని ఆ ఊళ్లో 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి నాయకత్వంలో సహకార సంఘం ఏర్పడింది. రైతుకు అప్పు ఇవ్వడం, ఎరువు అమ్మడం, పండిన ధాన్యం కొనడం మూడూ ఒకే సంఘం చేస్తుంది. అప్పు ఇచ్చిన సంఘమే పంట కొంటుంది కాబట్టి వసూలు కష్టం కాదు, రైతు బయటి వడ్డీకి పోనక్కరలేదు. ఆ దారిలోనే అక్కడి ఆడవాళ్లు స్వకృషి పేరుతో సొంత పాల డెయిరీ పెట్టుకున్నారు.

మన జిల్లా గ్రామాభివృద్ధి కమిటీలను కూడా మరువరాదు. ఊరి సొమ్ముతో బోరు వేయడం, బడి గది కట్టడం వంటి మంచి పనులు చేసినవి ఉన్నాయి. అదే కమిటీలు కొన్ని చోట్ల జరిమానాలు, వెలివేతలు విధించి కేసుల పాలయ్యాయి. ఊరి సంఘానికి బలం వస్తే సరిపోదు. ఆ బలానికి లెక్కాపత్రం ఉండాలి, బలహీనుడి మాట కూడా వినాలి. ఈ హెచ్చరిక మన సంఘానికీ వర్తిస్తుంది.

డ్వాక్రా, పొదుపు సంఘాల సంగతి మీకు తెలుసు. మన ఇళ్లలో కొందరు వాటిలో ఉన్నారు, బాగుపడ్డారు. కొందరు చేరలేదు. వడ్డీ అనే సంకోచం ఒక కారణం. అద్దె ఇల్లు మారుతుండటం, ఆధార్‌లో ఒక చిరునామా రేషన్ కార్డులో మరొకటి ఉండటం, పదిమంది ఆడవాళ్లు కలిసి బ్యాంకుకు వెళ్లే అలవాటు లేకపోవడం మిగతా కారణాలు. ఈ ఖాళీలో గిరిగిరివాడు దూరాడు. అదే ఖాళీలో మన సంఘం చేయగలిగిన పని ఉంది.

గొడ్డలి పాఠం

మనందరికీ తెలిసిన ఒక హదీసు ఉంది. ఒక అన్సారీ దైవప్రవక్త (స) దగ్గరికి వచ్చి సాయం అడిగారు. ప్రవక్త (స) మొదట అడిగింది ఇంట్లో ఏముందని. కప్పుకునే, పరుచుకునే ఒక దుప్పటి, నీళ్లు తాగే ఒక పాత్ర ఉన్నాయన్నారు ఆయన. వాటిని తెప్పించి, అక్కడున్నవారి మధ్య వేలం పెట్టి, రెండు దిర్హమ్‌లకు అమ్మారు. ఒక దిర్హమ్‌తో ఇంటికి తిండి కొనమన్నారు. రెండోదానితో గొడ్డలి కొని తెమ్మన్నారు. స్వయంగా పిడి బిగించి ఇచ్చి, కట్టెలు కొట్టి అమ్ముకోమని, పదిహేను రోజులు కనిపించవద్దని పంపారు. ఆయన తిరిగి వచ్చేనాటికి పది దిర్హమ్‌లు సంపాదించారు.

ఈ హదీసును మనం కష్టపడమని చెప్పడానికి మాత్రమే వాడుతుంటాము. సంఘం నడిపేవారికి అందులో పూర్తి పద్ధతి ఉంది. ఏం లేదో అడగడానికి ముందు ఏముందో అడిగారు. ఉన్నదానికి మంచి ధర వచ్చేలా వేలం వేశారు. తిండి మొదట, పనిముట్టు తరువాత. ఆకలితో ఉన్న ఇంటికి పనిముట్టు ఇస్తే అది తాకట్టుకు పోతుంది. ఆ ఊళ్లో అమ్ముడుపోయే సరుకు, కట్టెలు, చూపించారు. గడువు పెట్టారు. గడువు ముగిశాక ఏం జరిగిందో చూశారు.

మన దరఖాస్తు ఫారాన్ని ఈ వరుసలోనే తయారు చేయాలన్నది మా అభిప్రాయం. ఇప్పుడు ఫారంలో ఉన్న ప్రశ్నలన్నీ లేమి గురించే. ఇల్లు లేదా, భర్త లేడా, ఆదాయం లేదా. ఇంట్లో ఎవరికి ఏ పని వచ్చు, ఏ పనిముట్టు మూల పడి ఉంది, అప్పు ఎంత, ఎవరికి, ఏ మిత్తికి అన్నవి కూడా అడగాలి.

ఊళ్లో ఏది అమ్ముడుపోతుందన్న ప్రశ్న ఇంకా కీలకం. ఒకే గల్లీలో పది కుట్టు మిషన్లు పంచితే పది మందికీ గిరాకీ ఉండదు. ఆ మిషన్లలో కొన్ని ఏడాది తిరగకముందే అమ్ముడవుతాయి. ఫొటో మాత్రం మిగులుతుంది. బోధన్ చుట్టూ ఏడాదికి రెండు పంటల వరి ఉంది. కోత యంత్రాలు, ట్రాక్టర్లు, బోరు మోటార్లు ఉన్నాయి. సీజన్‌లో ఒక యంత్రం ఆగితే రైతు నిజామాబాద్‌కు పరుగెత్తాలి. మోటారు వైండింగ్, కోత యంత్రం రిపేరు, వెల్డింగ్ నేర్చిన కుర్రవాడికి ఇక్కడ పని కొరత లేదు. గల్ఫ్‌లో ఏసీ, ప్లంబింగ్ చేసి వచ్చినవారు గురువులుగా దొరుకుతారు. కుట్టుపని వచ్చిన ఆడవాళ్లు విడివిడిగా కాకుండా పదిమంది కలిస్తే బడి యూనిఫారాల వంటి పెద్ద ఆర్డరు తీసుకోవచ్చు.

తిరిగే డబ్బు

మిత్తి లేని అప్పు మన దక్కన్‌కు కొత్త కాదు. హైదరాబాద్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన పండితుడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా, నిజాం సంస్థానంలో ఉద్యోగులు నడుపుకున్న వడ్డీ లేని సహకార సంఘాల గురించి రాశారు. సభ్యులు నెలనెలా కొంత జమ చేయడం, అవసరమైనవారు వంతుల వారీగా అప్పు తీసుకోవడం వాటి పద్ధతి. అంటే మన తాతల కాలంలోనే ఈ నేల మీద ఇది నడిచింది.

ఖర్జె హసనా నిధి ఎలా పని చేస్తుందో ఒక లెక్క చూపిస్తాము. లక్ష రూపాయలు ఉన్నాయనుకుందాం. పదిమందికి పదేసి వేలు ఇచ్చాము. ఒక్కొక్కరు నెలకు వెయ్యి చొప్పున పది నెలల్లో తీరుస్తారు. మొదటి నెల పదివేలు తిరిగి వస్తాయి. అవి పదకొండో మనిషికి. రెండో నెల పదకొండు వేలు వస్తాయి. పన్నెండో మనిషికి. ఇలా వచ్చింది వచ్చినట్టు ఇస్తూ పోతే, ఒక్క వాయిదా కూడా తప్పకపోతే, పన్నెండు నెలల్లో అదే లక్ష 28 ఇళ్లకు పని చేస్తుంది. ఏడాది చివర ఆ లక్ష, కొంత చేతిలో కొంత రావాల్సిన వాయిదాల్లో, అలాగే ఉంటుంది. అదే లక్షను పదిమందికి పంచేస్తే పది ఇళ్లతో ముగుస్తుంది.

ఈ లెక్క ‘వాయిదా తప్పకపోతే’ అన్న మాట మీద నిలబడి ఉంది. దానధర్మాల సంఘం ఇచ్చిన అప్పు తిరిగి ఇవ్వకపోయినా ఫరవాలేదు అనే భావన మన వాళ్లలో ఉంది. అందుకే కొన్ని నియమాలు తప్పవు. అప్పు మొదట చిన్నదిగా ఉండాలి, తీర్చినవారికి తరువాత పెంచాలి. ఆ గల్లీలో తెలిసిన ఇద్దరి హామీ ఉండాలి. వారం వారం మస్జిద్ దగ్గరో ఇంటి దగ్గరో వసూలు చేయాలి. ఆడవాళ్ల దగ్గరికి ఆడవాళ్లే వెళ్లాలి. జబ్బు, చావు వంటి నిజమైన కష్టం వస్తే గడువు పెంచాలి, అవసరమైతే వేరే నిధి నుంచి తీర్చాలి. ఇచ్చింది ఎందుకో, వచ్చింది ఎంతో పేర్లు లేకుండా నోటీసు బోర్డులో పెట్టాలి. వాయిదా అడిగేటప్పుడు నలుగురిలో అవమానించరాదు. గిరిగిరివాడి భాష మన నోట్లో రాకూడదు.

నిధిని నడపడానికి కాగితం, ప్రయాణం, కొంత జీతం ఖర్చు అవుతాయి. ఆ ఖర్చును అప్పు తీసుకున్నవారి మీద వేయకుండా దాతల్లో కొందరు ప్రత్యేకంగా భరిస్తే మిత్తి అనే అనుమానానికి తావుండదు. సభ్యుల నుంచి పొదుపు కూడా సేకరించాలనుకుంటే 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద వేరుగా నమోదు చేసుకుని నడపాలి. దాన నిధిని, పొదుపు నిధిని ఒకే సంచిలో కలపకూడదు.

జకాత్ ఎక్కడ, సదఖా ఎక్కడ

ఈ విషయంలో చాలామందికి సందేహం ఉంది. జకాత్ సొమ్మును అర్హుడికి సొంతం చేసి ఇవ్వాలన్నది మన ప్రాంతంలో అనుసరించే హనఫీ ఉలమా మాట. కాబట్టి జకాత్‌ను అప్పుగా ఇచ్చి తిరిగి వసూలు చేసే నిధిలో వేయరాదు. ఖర్జె హసనా నిధికి సదఖా, విరాళాలు కావాలి.

కానీ జకాత్‌తో చేయగలిగింది కూడా ఎంతో ఉంది. ఖురాన్ పేర్కొన్న ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో మునిగినవారు ఒక వర్గం. అర్హత ఉన్న ఇంటి గిరిగిరి అప్పును జకాత్‌తో ఒక్కసారి తీర్చి, తరువాత వ్యాపారానికి సదఖా నిధి నుంచి మిత్తి లేని అప్పు ఇస్తే, ఆ ఇల్లు గొలుసులోంచి బయటపడే అవకాశం ఎక్కువ. తోపుడు బండి, వెల్డింగ్ మిషన్, మేకల జత వంటివి జకాత్‌తో కొని సొంతం చేసి ఇవ్వవచ్చు. ప్రతి దాతా రసీదు మీద జకాత్ అనో సదఖా అనో స్పష్టంగా రాయించుకోండి. సందేహం ఉంటే మీరు నమ్మే ముఫ్తీ సాహెబ్‌ను అడగండి. లెక్కలు వేరుగా ఉంచడం మా బాధ్యత.

సదఖాకు మతం అడ్డు లేదు. మన పక్కన కూర్చుని బీడీలు చుట్టే పద్మశాలి అక్కకు, మిల్లులో పని పోయిన పొరుగువారికి కూడా ఆ నిధి తలుపు తెరిచే ఉండాలి. ఊరి బజారు ఒక్కటే. ఒకరి దుకాణం నడిస్తేనే ఇంకొకరిదీ నడుస్తుంది.

కాగితాలు, చదువు

అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చేది కాగితాల సాయం. బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు, పీఎఫ్, పెన్షన్, వాళ్ల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే స్కాలర్‌షిప్, 2014 నుంచి ఉన్న షాదీ ముబారక్, 2007 నుంచి ఉన్న బీసీ–ఈ 4 శాతం రిజర్వేషన్. ఇవన్నీ ఉన్నాయని వినడమే కానీ దరఖాస్తు చేయని ఇళ్లు ఎన్నో. పేరులో ఒక అక్షరం తేడా, పుట్టిన తేదీ తేడా. ఇంత చిన్నదానికి పెన్షన్ ఆగిపోతుంది. కంప్యూటరు తెలిసిన ఇద్దరు యువకులు వారానికి ఒక పూట కూర్చుంటే చాలు.

చదువు గురించి ఉపాధ్యాయులుగా మేము ఒక మాట చెప్పాలి. 2016లో మైనారిటీ గురుకులాలు మొదలైన తరువాత ఆడపిల్లల చదువు ముందుకు కదిలింది. ఇది కళ్ల ముందు కనిపిస్తున్న మార్పు. మగపిల్లల విషయంలోనే దిగులు. ఇంట్లో అప్పు వాయిదా ఉన్న పిల్లవాడు ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో బడి మాని మెకానిక్ షెడ్డుకు వెళ్తాడు. అతనికి స్కాలర్‌షిప్ ఇస్తే ఆగడు. ఫీజు కోసం అతను మానలేదు, రోజు సంపాదన కోసం మానాడు. ఆ ఇంటి అప్పు తీర్చితే ఆగుతాడు. చదువుకు ఇచ్చే దానం, అప్పు తీర్చే దానం వేరు వేరు ఖాతాల్లో ఉన్నా, ఇంటి దగ్గర రెండూ ఒకటే. పదో తరగతి పాసైనవాడికి ఐటీఐలో చేరే దారి చూపితే అదే మెకానిక్ పని సర్టిఫికెట్‌తో చేస్తాడు.

ఇవ్వడమే సరైన చోట

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక. అందరినీ వ్యాపారులను చేయలేము, చేయాలనుకోవడం కూడా న్యాయం కాదు. మంచాన పడినవారు, చూసేవారు లేని ముసలివాళ్లు, చంటిపిల్లలున్న వితంతువు, డయాలిసిస్ మీద ఉన్న ఇంటి పెద్ద. వీళ్లకు అప్పు ఇవ్వడం భారం పెంచడమే. వీళ్లు ప్రతి ఏడాదీ వరుసలో ఉంటారు, ఉండాలి. వరుసలో నిలబెట్టకుండా ఇంటికే పంపగలిగితే ఇంకా మంచిది. “మళ్లీ అదే ఇల్లు” అన్న ప్రశ్న వీళ్ల విషయంలో అడగకూడదు. పని చేయగల చేతులున్న ఇల్లు ఏళ్ల తరబడి వరుసలో ఉంటేనే ఆ ప్రశ్న మనల్ని మనం వేసుకోవాలి.

దాతలను కోరేవి

మొదటిది, రంజాన్‌లో ఒక్కసారి ఇచ్చేదానితోపాటు నెలనెలా చిన్న మొత్తం ఇవ్వండి. అప్పు నిధి నిలబడేది నెలసరి రాబడి మీదనే.

రెండోది, ఇచ్చేటప్పుడు ఏ నిధికో చెప్పండి. జకాత్, ఖర్జె హసనా నిధి, నిర్వహణ ఖర్చు.

మూడోది, మీ దగ్గరున్న పనిని ఇవ్వండి. మీ దుకాణంలో లెక్కలు రాసే కుర్రవాడు, మీ ఇంటి పెళ్లికి వంట చేసే బృందం, మీ బడి యూనిఫారాలు కుట్టే ఆడవాళ్లు ఇక్కడివారే అయితే రూపాయి మళ్లీ ఊళ్లో నాలుగు చేతులు మారుతుంది.

నాలుగోది, గల్ఫ్‌లో ఉన్నవారు సెలవుకు వచ్చినప్పుడు తమ పనిని పదిమంది కుర్రవాళ్లకు నేర్పడానికి వారం రోజులు ఇవ్వండి.

ఐదోది, సాయం అందుకున్నవారి ఫొటోలు అడగకండి. లెక్కలు అడగండి. ఎన్ని ఇళ్ల గిరిగిరి తీరింది, ఎంతమంది తీసుకున్న అప్పు తీర్చి రెండోసారి పెద్ద అప్పు తీసుకున్నారు, ఎంతమంది తీసుకునే జాబితాలోంచి ఇచ్చే జాబితాలోకి వచ్చారు. వచ్చే ఏడాది సంచికలో ఈ మూడు లెక్కలు అచ్చు వేయమని మీరు పట్టుబట్టాలని మేమే కోరుతున్నాము.

మిల్లు మళ్లీ తెరుచుకోవాలని మనమంతా దుఆ చేద్దాం, ప్రభుత్వాన్ని అడుగుతూనే ఉందాం. అది తెరుచుకునేదాకా శక్కర్‌నగర్ గేటు వైపు చూస్తూ కూర్చునే స్థోమత మన ఇళ్లకు లేదు. మన చేతిలో ఉన్న పని చిన్నదే, కానీ రేపటి నుంచే మొదలుపెట్టగలిగినది. మీరు ఇచ్చినదాన్ని అల్లాహ్ స్వీకరించుగాక, అది చేరవలసిన చోటికి చేర్చే తెలివినీ నిజాయితీనీ మాకు ప్రసాదించుగాక. ఆమీన్.